కిర్క్, స్పాక్‌లది ప్రేమే అని వ్యాసం రాయాలంటే ఆధారాలు ఎలా పేర్చాలి?

తూర్పుగాలి:

1966–69 నాటి స్టార్ ట్రెక్ అనే అమెరికా సీరియల్‌లో, అంతరిక్ష నౌక కెప్టెన్ కిర్క్‌కూ, అతని కింద పనిచేసే వల్కన్ అనే గ్రహాంతర జాతి అధికారి స్పాక్‌కూ ఉన్న బంధాన్ని ప్రేమగా చదువుతూ తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. పదిహేను వందల మాటలు దాటకూడదు. చదివేవాళ్లలో సగంమంది సీరియల్ చూసి ఉండరు. చూసినవాళ్లు "స్నేహితులండీ, అంతే. రాసినవాళ్లు అలా ఎక్కడన్నారు?" అని మొదటి పేరాలోనే ఆగిపోతారు. వాళ్లను చివరిదాకా చదివించాలని నా కోరిక.

ఏ సన్నివేశాలు తీసుకోవాలి, ఎన్ని తీసుకోవాలి? రచయిత ఉద్దేశం అన్న ప్రశ్నకు ఏం చెప్పాలి? ఇదే పద్ధతి ఆర్‌ఆర్‌ఆర్‌లో రామ్, భీమ్‌లకు పనికొస్తుందా? 2022 నుంచి బయటి దేశాల ప్రేక్షకులు ఆ ఇద్దరినీ ప్రేమికులుగా చూస్తూ కథలు రాస్తున్నారు, మనవాళ్లు మండిపడుతున్నారు. ఇంకో చిన్న విషయం: రాసింది ఏఓత్రీలో (అభిమానుల రాతలు పెట్టుకునే వెబ్‌సైటు) పెట్టాలంటే ట్యాగులు ఎలా ఇవ్వాలి?

నక్షత్రశాల:

ముందు మీ వాదన స్థాయి తేల్చుకోండి. "ఇలా చదవడానికి వీలుంది" అనడం ఒకటి. "ఇది కథలోనే ఉంది" అనడం వేరు. "తీసినవాళ్లు ఇదే అనుకున్నారు" అనడం మరీ వేరు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ కావాల్సిన రుజువు పెరుగుతుంది. చాలా వ్యాసాలు మొదటి మెట్టుకు సరిపడే ఆధారాలు చూపించి మూడో మెట్టు మీద నిలబడి మాట్లాడతాయి. పాఠకుడు దొరకబుచ్చుకునేది అక్కడే. కిర్క్, స్పాక్‌ల విషయంలో మొదటి మెట్టు చాలా గట్టిది. దాన్నే పట్టుకోండి, తక్కువేమీ కాదు.

పదిహేను వందల మాటలకు నాలుగు సన్నివేశాలు చాలు. ఇరవై సన్నివేశాలను రెండేసి వాక్యాల్లో చెప్తే సీరియల్ చూడనివాళ్లకు ఏదీ కళ్లకు కట్టదు. మొదటిది ఎలాగూ 'అమోక్ టైమ్', 1967 సెప్టెంబరు 15న ప్రసారమైన రెండో సీజన్ తొలి ఎపిసోడ్. వల్కన్ జాతివాళ్లకు నియమిత కాలానికోసారి వచ్చే దేహతాపం స్పాక్‌ను ఆవహిస్తుంది. సొంత గ్రహానికి వెళ్లి జతకూడకపోతే ప్రాణమే పోతుంది. కిర్క్ పైఅధికారుల ఆజ్ఞ మీరి, ఉద్యోగం పోయినా సరేనని ఓడను అటు మళ్లిస్తాడు. అక్కడ స్పాక్‌కు చిన్ననాడే నిశ్చయమైన వధువు టిప్రింగ్ అతన్ని కాదని ద్వంద్వయుద్ధం కోరుతుంది, తన తరఫున పోరాడేందుకు కిర్క్‌ను ఎంచుకుంటుంది. కిర్క్‌ను చంపేశానని స్పాక్ నమ్ముతాడు. ఓడకు తిరిగొచ్చి, బతికున్న కిర్క్‌ను చూసి రెండు చేతులా పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూ నవ్వేస్తాడు. సీరియల్ మొత్తంలో స్పాక్ అలా నవ్వడం ఎంత అరుదో చూడనివాళ్లకు ఒక వాక్యంలో చెప్పాలి. లేకపోతే ఆ నవ్వు విలువ తెలియదు.

అయితే ఎక్కువమంది ఆ నవ్వు దగ్గరే ఆగిపోతారు. అసలు బలం ఆ తర్వాతి మాటల్లో ఉంది. కెప్టెన్‌ను చంపేశాననుకున్న క్షణానే టిప్రింగ్ మీద ఆసక్తి మొత్తం పోయిందని, పిచ్చి వదిలిపోయిందని స్పాకే చెప్తాడు. జతకూడితేనే తగ్గాల్సిన తాపం అసలు జతకూడకుండానే తగ్గిపోయింది. పోరాటం వల్ల అయుండొచ్చని అతనే ఒక కారణం ఇస్తాడు. కథ ఇచ్చిన ఆ కారణం పక్కనే, ఆ పోరాటం ఎవరితో జరిగిందన్న ప్రశ్న పెట్టండి. దాచేసి వాదించొద్దు.

ఇదే ఎపిసోడ్‌లో మీకు అడ్డొచ్చేది ఒకటుంది. వేడుకకు కిర్క్‌తో పాటు డాక్టర్ మెకాయ్‌ని కూడా స్పాక్ పిలుస్తాడు. "కిర్క్‌ను మాత్రమే వెంట తీసుకెళ్లాడు" అని రాస్తే అభిమాని ఒక్క మాటతో వ్యాసం మొత్తం కొట్టేస్తాడు.

రెండోది 1979 స్టార్ ట్రెక్ సినిమాలో చికిత్స గది. వీజర్ అనే యంత్రమేధతో మనసు కలిపి సొమ్మసిల్లిన స్పాక్, మేల్కొన్నాక కిర్క్ చేయి పట్టుకుని, ఈ మామూలు అనుభూతి ఆ యంత్రానికి అందదని అంటాడు. మూడోది 1982 సినిమాలో అద్దానికి అటొకరు, ఇటొకరు చేతులు ఆనించే మరణ సన్నివేశం. అక్కడ స్పాక్ "స్నేహితుణ్ణి" అనే అంటాడు కాబట్టి అది రెండు పక్షాలకూ ఆధారమే. అలా అని ఒప్పుకుంటూనే వాడండి.

నాలుగోది మాత్రం మీకు వ్యతిరేకంగా ఉండే సన్నివేశం కావాలి. దానికి కనీసం రెండు వందల యాభై మాటలు కేటాయించండి. 'దిస్ సైడ్ ఆఫ్ ప్యారడైజ్' (1967) దీనికి సరైనది. మొక్కల బీజాల ప్రభావంలో స్పాక్ లీలా అనే స్త్రీని ప్రేమిస్తాడు. "అది బీజాల మత్తు, లెక్కలోకి రాదు" అని కొట్టేయడం మామూలు. అలా అంటే అమోక్ టైమ్‌లోనూ స్పాక్ తాపంలోనే ఉన్నాడు, నవ్వింది అది దిగీ దిగగానే. అప్పుడు దాన్ని కూడా కొట్టేయాలి. ఒకే కొలత రెండు చోట్లా వాడాలి. పైగా ఆ ఎపిసోడ్ చివర్లో, మత్తు వదిలాక, జీవితంలో మొదటిసారి సంతోషంగా ఉన్నానని స్పాకే అంటాడు. ఈ మాటను ఎదుర్కోని వ్యాసం నిలబడదు. నేనైతే, తన మనసు తన అదుపు తప్పినప్పుడే ప్రేమను ఒప్పుకోగల మనిషి స్పాక్ అని, ఆ వరసలో లీలా, కిర్క్ ఇద్దరూ ఉన్నారని రాస్తాను. అప్పుడు ఎదురు సాక్ష్యం కూడా మీ వాదనలోకే వస్తుంది.

నోట్సు ఎలా రాసుకోవాలంటే: ఎపిసోడ్ పేరు, ఎన్నో అంకం, ఎవరు ఏమన్నారు, కెమెరా ఎవరి ముఖం మీద ఉంది, పాత్ర మామూలు స్థితిలో ఉందా, అదే సన్నివేశంలో దీనికి ఎదురెళ్లేది ఏముంది. చివరి గడి ఖాళీగా ఉంటే మళ్లీ చూడండి. నిమిషాల లెక్క నమ్ముకోవద్దు. అసలు ఎపిసోడ్ సుమారు యాభై నిమిషాలు. పునఃప్రసారాల కోసం కత్తిరించిన ప్రతులున్నాయి. ఐరోపా డీవీడీల్లో బొమ్మ నాలుగు శాతం వేగంగా నడుస్తుంది కాబట్టి రెండు నిమిషాల తేడా వస్తుంది. 2006 నుంచి వచ్చిన ప్రతుల్లో గ్రాఫిక్స్ కూడా మార్చారు. అందుకే అంకం చెప్పి, ముందు వెనక మాటలు చెప్తే ఎవరైనా వెతుక్కోగలరు. సబ్‌టైటిల్ చూసి మాటలు ఎత్తి రాయకండి, చెవితో విని రాయండి.

పాతబీరువా:

నక్షత్రశాల గారు చెప్పినదానికి చరిత్ర ఒక పేరా కలపండి. ఇది నిన్నమొన్న ఇంటర్నెట్‌లో పుట్టింది కాదని పాఠకుడికి తెలియాలి. ఈ జంట మీద అచ్చయిన తొలి కథగా చెప్పేది 1974లో 'గ్రప్' అనే అభిమానుల పత్రిక మూడో సంచికలో వచ్చింది. రాసింది ఆస్ట్రేలియా అభిమాని డయాన్ మార్చంట్. కథలో ఇద్దరి పేర్లూ లేవు. ఎవరో ఒకరిద్దరి సరదా అనుకోవడానికి లేదు: 1992లో హెన్రీ జెన్‌కిన్స్, కామిల్ బేకన్-స్మిత్ ఇద్దరూ ఈ రాతల మీద వేర్వేరుగా పరిశోధన గ్రంథాలు తెచ్చారు. రాసేవాళ్లలో అత్యధికులు స్త్రీలని కూడా చెప్పండి. ఎందుకు స్త్రీలు అన్న ప్రశ్న వేరే వ్యాసం, ఇందులో ఇరికించకండి.

రచయిత ఉద్దేశం గురించి. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ 1979 సినిమాకు రాసిన నవలలో ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) ఉంది. ఇద్దరూ ప్రేమికులన్న పుకారు గురించి కిర్క్ నోటే పలికిస్తాడు. తనకు స్త్రీలంటేనే ఇష్టమనీ, ఏడేళ్లకోసారి మాత్రమే తాపం పుట్టే వ్యక్తిని భాగస్వామిగా ఎంచుకునేంత తెలివితక్కువవాణ్ణి కాననీ కిర్క్ అంటాడు. ఇది కాదనడమే. కానీ పుకారును నేరంగా, అవమానంగా చూడని కాదనడం. 'రాసినవాళ్లు అలా అనలేదు' అనేవాళ్లకు ఇదే మీ సమాధానం: రాసినవాడికి ఇద్దరినీ ప్రేమికులుగా చూసే ఈ చదువు తెలుసు, పుస్తకంలోకి ఎక్కించాడు, కిర్క్ చేత కాదనిపించాడు, తలుపు మాత్రం మూయలేదు. అంతకన్నా ఒక్క అంగుళం కూడా ముందుకు లాగకండి.

రచయిత మాటే తీర్పు అనుకుంటే ఇబ్బంది రెండువైపులా ఉంటుంది. హ్యారీ పాటర్ ఏడో పుస్తకం వచ్చిన కొన్ని నెలలకు, 2007 అక్టోబరులో, డంబుల్‌డోర్ గే అని రచయిత్రి సభలో చెప్పారు. ఏడు పుస్తకాల్లోనూ ఆ మాట లేదు. రచయిత మాటే చాలంటే దాన్ని ఒప్పుకోవాలి, పుస్తకమే చాలంటే కాదనాలి. మీ పాఠకుడు ఏది ఎంచుకున్నా కిర్క్ దగ్గరకొచ్చేసరికి అదే నియమం పాటించమని అడగండి. స్టార్ ట్రెక్‌లోనే ఇంకా మంచి ఉదాహరణ సులు అనే పాత్ర. 2016 సినిమాలో అతనికి భర్త, కూతురు ఉన్నట్టు కొన్ని క్షణాలు చూపించారు. పాత సీరియల్‌లో సులు వేషం వేసిన జార్జ్ టకేయీ స్వయంగా గే. ఆయనే అది సరికాదన్నారు, రాడెన్‌బెరీ ఆ పాత్రను అలా అనుకోలేదన్నారు. ఆ సినిమా సహరచయిత సైమన్ పెగ్ గౌరవంగానే విభేదించారు. గే సమాజం అంతా ఒకే మాట మీద ఉంటుందనుకునేవాళ్లకు ఈ ఒక్క సంఘటన చాలు.

ఇక అస్సలు చేయకూడనిది. బీబీసీ షెర్లాక్ అభిమానుల్లో ఒక వర్గం హోమ్స్, వాట్సన్‌ల ప్రేమను తీసినవాళ్లే రహస్యంగా అల్లుతున్నారని, చివర్లో బయటపెడతారని నమ్మింది. 2017 జనవరి 15న నాలుగో సీజన్ ముగిసింది, అలాంటిదేమీ జరగలేదు. అప్పుడైనా ఆగారా? తర్వాతి వారం అదే చానెల్‌లో మొదలవ్వాల్సిన మరో సీరియల్ ఉత్తుత్తిదేనని, ఆ సమయంలో దాచిపెట్టిన ఎపిసోడ్ వేస్తారని కొందరు ఎదురుచూశారు. ఆ సీరియల్ 22న మామూలుగానే ప్రసారమైంది. తెర రంగు, టీ కప్పు, వెనక గోడ కాగితం కూడా సంకేతాలైపోయాక ఏ ఆధారమూ ఆ నమ్మకాన్ని తప్పని చూపించలేకపోయింది. మీ వాదనను ఏ సన్నివేశం ఓడించగలదో మీకే తెలియకపోతే మీరూ ఆ దారిలోనే ఉన్నట్టు. బాధ పడింది కూడా అభిమానులే, అందులో చాలామంది తమలాంటివాళ్లను తెరమీద చూడాలని ఆశపడ్డ పిల్లలు. అందుకే ఇది గట్టిగా చెప్తున్నాను.

వెనక్కి వెళ్లాలంటే ఎంతైనా వెళ్లొచ్చు. గ్రీకు కావ్యం ఇలియడ్‌లో అకిలీస్, పాట్రోక్లస్ అనే వీరులు ప్రేమికులని హోమర్ అనలేదు. ఈస్కిలస్ నాటకంలో అన్నాడు. ప్లేటో రాసిన విందు సంభాషణలో ఫీడ్రస్ అనేవాడు, ఇద్దరిలో అకిలీసే చిన్నవాడు కాబట్టి ప్రేమించేవాడెవరు, ప్రేమ పొందేవాడెవరు అన్నది ఈస్కిలస్ తారుమారు చేశాడని వాదిస్తాడు. జెనొఫన్ రాసిన సోక్రటీస్ మాత్రం వాళ్లు సహచరులే అంటాడు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే ఇంత చర్చ! మీ వ్యాసంలో దీనికి రెండు వాక్యాలు చాలు.

తూర్పుగాలి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అధోజ్ఞాపిక సంగతి తెలియదు, వ్యాసం దాని చుట్టూ మళ్లీ కడతాను. కిర్క్‌ను గే అనాలా, బై (స్త్రీలనూ పురుషులనూ ఇష్టపడేవాడు) అనాలా? అతని కథల్లో స్త్రీలు చాలామంది ఉన్నారు కదా.

ఏటిఒడ్డు:

రామ్, భీమ్‌ల గురించి నేను చెప్తాను. పద్ధతి అదే, కానీ అదనంగా రెండు జాగ్రత్తలు కావాలి.

మొదటిది, దేహభాష. అమెరికా ప్రేక్షకుడికి ఇద్దరు మగవాళ్లు భుజం మీద చేయి వేసుకు తిరగడం, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కడం చాలా పెద్ద సంకేతం. మన ఊళ్లలో స్నేహితులు చేయీ చేయీ పట్టుకుని బజారంతా తిరుగుతారు, ఎవరూ తలెత్తి చూడరు. కాబట్టి స్పర్శ ఒక్కటే చూపిస్తే తెలుగు పాఠకుడు ఒప్పుకోడు, అతను అనేది న్యాయమే. అలాగని "మన దగ్గర ఇది మామూలు" అన్న మాటతో చర్చ ముగిసిపోదు. మామూలుగా కనిపించే స్నేహం చాటున ప్రేమ సాగించుకున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు, ఆ మామూలుతనమే వాళ్లకు నీడ. వ్యాసంలో రెండు మాటలూ చెప్పాలి.

స్పర్శ పక్కన పెడితే మిగిలేది కథ నడిచే తీరు. అక్కడ సినిమా చాలా ఇస్తుంది. వంతెన దగ్గర ఒకరినొకరు చూసుకున్న తొలిచూపులోనే, మాటే లేకుండా సైగలతో ఇద్దరూ ప్రాణాలకు తెగించడం. పాము కాటేసిన రామ్‌కు భీమ్ వైద్యం చేస్తూ తన అసలు రహస్యం చెప్పేయడం. రామ్ తన చేతులతో భీమ్‌ను కొరడాతో కొట్టాల్సి రావడం. రహస్యం, ద్రోహం, శిక్ష, విడుదల: మన సినిమాలు మామూలుగా నాయికా నాయకులకు ఇచ్చే మలుపులివి. జెన్నీ, సీత ఉన్నా ఆ మలుపులు వాళ్లకు దక్కలేదు. మీ వాదన ఇక్కడ నిలబెట్టండి. ఎదురు సాక్ష్యంగా సీతను తప్పక తీసుకోండి. రామ్ ఎవరో భీమ్‌కు తెలియజెప్పేది ఆమే, ఆమె మాట విన్నాకే భీమ్ అతన్ని విడిపించడానికి వెళ్తాడు. సీతను అడ్డుగోడగా, చెడ్డదానిగా చూపే కథలు చాలా వచ్చాయి. జంట కోసం స్త్రీ పాత్రను తుడిచేయడం ఈ తరహా రాతల్లో పాతకాలపు తప్పు. ముగ్గురినీ కలిపి రాసేవాళ్లూ ఉన్నారు, సినిమాకు అదే దగ్గరగా ఉంటుంది.

రెండో జాగ్రత్త ఇంకా పెద్దది. సినిమాలో కథ కల్పితం, పేర్లు కావు. 1924లో చనిపోయిన అల్లూరి సీతారామరాజు, 1940లో చనిపోయిన కొమురం భీమ్ నిజమైన మనుషులు. భీమ్ గోండు ప్రజలకు ఇప్పటికీ పూజ్యుడు, జోడేఘాట్‌లో ఏటా వర్ధంతి జరుగుతుంది. 2020 అక్టోబరు టీజర్‌లో భీమ్ పాత్ర తలమీద టోపీ కనబడినందుకే ఆదివాసీల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. కాబట్టి వ్యాసం శీర్షికలో, మొదటి వాక్యంలో "ఆర్‌ఆర్‌ఆర్ సినిమాలోని పాత్రలు" అని స్పష్టంగా రాయండి. పూర్తి చారిత్రక పేర్లు వాడకండి, రామ్, భీమ్ చాలు. అసలు వ్యక్తుల ఫోటోలు, విగ్రహాల ఫోటోలు పక్కన పెట్టొద్దు. వాళ్ల నిజ జీవితంలోని తేదీలు, ఊళ్లు వాదనలోకి తేవద్దు. అలాగే నటుల నిజజీవిత స్నేహాన్ని ఆధారంగా చూపించొద్దు. పాత్ర మీద చదువు వేరు, బతికున్న మనిషి మీద ఊహ వేరు.

గూటిపిచ్చుక:

ట్యాగుల సంగతి. ఏఓత్రీలో ఖాతాకు ఆహ్వానం కావాలి, వరసలో పేరు పెట్టుకుంటే వస్తుంది, ముందే పెట్టుకోండి. వ్యాసాలు కూడా అక్కడ పెట్టొచ్చు, కథలకే అని నియమం లేదు. బంధం ట్యాగులో రెండు పేర్ల మధ్య / గుర్తు పెడితే ప్రేమ లేదా శృంగారం, & పెడితే స్నేహం లేదా కుటుంబం. ఇది తప్పితే స్నేహకథలు వెతుక్కునేవాళ్ల ముందు మీ వ్యాసం పడుతుంది, కోపాలు అక్కడే మొదలవుతాయి. రెండూ కలిపి పెట్టడం కూడా వద్దు, మీ చదువు ఏదో అదొక్కటే పెట్టండి. ట్యాగు మొదటి అక్షరాలు కొట్టగానే వచ్చే జాబితాలోంచే ఎంచుకోండి. సొంతంగా తెలుగులో టైపు చేస్తే, వాలంటీర్లు దాన్ని అసలు ట్యాగుకు కలిపేదాకా వెతికేవాళ్లకు కనబడదు.

"బై", "ఏస్" (లైంగిక ఆకర్షణ అంతగా కలగనివాళ్లు) లాంటివి అదనపు ట్యాగుల్లోకి వెళ్తాయి. ట్యాగులన్నీ కలిపి 75 దాటకూడదు, నిజానికి పది చాలు. వ్యాసమని తెలిసేలా మెటా అనే ట్యాగు పెట్టండి. పరిచయానికి 1250 అక్షరాల హద్దుంది. తెలుగులో గుణింతాల గుర్తులు కూడా లెక్కను తినేస్తాయి, నూరు మాటల్లో ముగించండి.

చట్టం గురించి అడగలేదు గానీ చెప్పాలి. విమర్శ కోసం కొంత మేరకు ఉటంకించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. కాబట్టి వ్యాసానికి చిక్కు తక్కువ, అదే పాత్రలతో కథ రాసి అమ్మితే చిక్కు ఎక్కువ. స్వలింగ బంధం గురించి రాయడం నేరం కాదు, పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన సంబంధమే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. ఇంటర్నెట్‌లో అశ్లీలానికి ఐటీ చట్టం 67వ సెక్షన్ మాత్రం ఏ జంటకైనా ఒకేలా వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు పాత్రలతో శృంగారం ఎక్కడా, ఏ రేటింగులోనూ రాయకండి.

నక్షత్రశాల:

కిర్క్ గురించి మీరు అడిగినదానికి: బై అనండి, అది కూడా "బైగా చదవొచ్చు" అనండి. గే అంటే 'ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'లో ఈడిత్ కీలర్ మీద అతని ప్రేమ అబద్ధమని నిరూపించాల్సి వస్తుంది. ఆ ఎపిసోడ్ చూసిన ఎవరూ దాన్ని ఒప్పుకోరు. చరిత్ర మారిపోకుండా ఉండాలని, కళ్లెదుటే ఆమె చనిపోతుంటే ఆపకుండా నిలబడతాడు. కాపాడబోయిన మెకాయ్‌ని కూడా పట్టుకుని ఆపుతాడు. స్త్రీలను ప్రేమించడం, స్పాక్‌ను ప్రేమించడం ఒకదాన్నొకటి కొట్టేయవు. అవి కొట్టేస్తాయని మొదటే ఒప్పుకుంటే బైసెక్సువల్ మనుషులు అసలు లేరన్నట్టే.

స్పాక్‌కు పేరు పెట్టకుండా వదిలేయొచ్చు. కొందరు ఏస్‌గా చదువుతారు. తాపకాలం తప్ప మిగతా రోజుల్లో ఆసక్తి లేదన్నది వాళ్ల ఆధారం, బలమైనదే. ఈ చదువును తక్కువ చేస్తూ రాయొద్దు. ఆర్చీ కామిక్స్‌లో జగ్‌హెడ్‌ను 2016లో స్పష్టంగా ఏస్ అన్నారు, మరుసటి ఏడు మొదలైన టీవీ సీరియల్ అతనికి ప్రేమకథ పెట్టింది. ఏస్ పాఠకులు ఎంత నొచ్చుకున్నారో అప్పటి చర్చలు చూస్తే తెలుస్తుంది. మీ వ్యాసంలో ఒక పేరా వాళ్లకివ్వండి: ఏస్ అయినవాడు కూడా ప్రేమించగలడు, కాబట్టి స్పాక్‌ను ఏస్‌గా చదివినా మీరు చూపించే నాలుగు సన్నివేశాల్లో ఏదీ మార్చనక్కర్లేదు.

"స్నేహం చాలదా" అనేవాళ్లకు జవాబు వ్యాసం మధ్యలో పెట్టండి, మొదట్లో వద్దు. మొదట్లో పెడితే తగువులా ఉంటుంది. అమోక్ టైమ్ చెప్పాక, లీలా సంగతి చెప్పేముందు పెడితే పాఠకుడి చేతిలో అప్పటికే ఒక సన్నివేశం ఉంటుంది.